ఎనభై ఐదు మంది తక్కువ

మా రోడ్డు మధ్యలోంచి గీత గీశారన్న సంగతి నాకు చెప్పింది మా అమ్మ. జూన్ రెండో వారం, తను చేతికి ఫిజియోథెరపీ చేయించుకుని వచ్చిన రోజు.

"స్టెఫీ, నువ్వు చదివింది మ్యాపులే కదా. ఇదేంటో చూడు" అంటూ మెయిల్‌బాక్సులో వచ్చిన కాగితాన్ని నా లాప్‌టాప్ కీబోర్డు మీద పెట్టింది.

లాప్‌టాప్‌లో అప్పుడు నా నూట పదకొండో జాబ్ అప్లికేషన్ ఉంది. ఒట్టావా పక్కన కనాటాలో నేను పనిచేసిన టెలికాం కంపెనీ ఏప్రిల్లో నన్నూ మా టీమునూ ఒకే ఈమెయిల్‌తో సాగనంపింది. అప్పట్నుంచి పెన్‌రిడ్జ్‌లో అమ్మానాన్నల ఇంటికొచ్చి, నా చిన్నప్పటి మంచం మీద కాళ్ళు బయటపెట్టి పడుకుంటున్నాను. జియోమాటిక్స్ డిప్లొమా గోడకి వేలాడుతోంది. దానికి చేసే పని అదొక్కటే అప్పటికి.

పెన్‌రిడ్జ్ రిచ్‌మండ్ హిల్ దాటాక ఇంకో గంట పైకి వెళ్తే వస్తుంది. జనాభా అరవై ఒక్క వేల ఆరు వందలు. ఉత్తరాన గుర్రాల ఫారాలు, అక్కడ మనిషికన్నా గుర్రానికి చోటెక్కువ. మధ్యలో ఎర్ర ఇటుకల టౌన్ హాలు, దాని చుట్టూ పాత డౌన్‌టౌన్. తూర్పున వాగు, వాగుని చూస్తూ కట్టుకున్న పెద్ద ఇళ్ళు. దక్షిణాన రైలు పట్టాలు, వేర్‌హౌసులు, ఒక కాలేజీ బ్రాంచి, ఆపైన మేము. ఊరిని నడిపేది ఒక మేయరు, ఎనిమిది మంది కౌన్సిలర్లు. వార్డుకొకరు. మాది ఐదో వార్డు.

ఆ కాగితం ప్రకారం వచ్చే ఏడాది ఎన్నికల నాటికి ఐదో వార్డు ఉండదు. మా టాన్నరీ రోడ్డే సరిహద్దు. రోడ్డుకి ఉత్తరం వైపు ఇళ్ళు డౌన్‌టౌన్‌తో కలిసి మూడో వార్డులోకి, దక్షిణం వైపు ఇళ్ళు గుర్రాలతో కలిసి ఆరో వార్డులోకి పోతాయి. దక్షిణాన ఉన్న మమ్మల్ని ఉత్తరాన ఉన్న గుర్రాలతో ఎలా కలిపారంటే, ఊరి పడమటి అంచు చుట్టూ సన్నటి తోకలాంటి దారి గీసి.

"అంటే మనం ఆరు, ఎదురింటివాళ్ళు మూడా?" అంది అమ్మ.

"ఆఁ."

"మరి సైడ్‌వాక్ ఎవరు వేస్తారే?"

అసలు విషయం అదే. అమ్మ దయావతి నర్సింగ్ హోమ్‌లో ముసలివాళ్ళకి స్నానాలు చేయిస్తుంది, అన్నాలు తినిపిస్తుంది. బస్‌స్టాపు మా ఇంటికి ఏడు వందల మీటర్లు. టాన్నరీ రోడ్డు పక్కన నడవడానికి సైడ్‌వాక్ లేదు. ఫిబ్రవరిలో రోడ్డు అంచున, ట్రక్కుల పక్కన నడుస్తూ ఐస్ మీద జారి, మణికట్టు రెండు చోట్ల విరగ్గొట్టుకుంది. మా వార్డు కౌన్సిలరు మూడేళ్ళుగా పోట్లాడి, వచ్చే సంవత్సరానికి సైడ్‌వాక్ అని మాట తీసుకుంది. ఇప్పుడా వార్డే లేకపోతే, రోడ్డుకి ఈ పక్క కౌన్సిలరు ఆ పక్క చూపిస్తాడు, ఆ పక్కాయన ఈ పక్క చూపిస్తాడు. మధ్యలో రోడ్డు, దాని మీద మా అమ్మ.

"నాన్న ఏమన్నాడు?"

"గవర్నమెంట్ వాళ్ళు లెక్క చూసే చేసుంటార్లే అన్నారు."

మా నాన్న నోవహుకి గవర్నమెంట్ కాగితమంటే గౌరవం.

*

హాకీ అరీనా హాల్లో మ్యాపులు స్టాండ్లకి తగిలించి, జనం వచ్చి చూసి అభిప్రాయాలు రాయొచ్చన్నారు. వెళ్ళాం. కన్సల్టెంట్ పేరు గ్రెగ్. మంచివాడే. ఆయన ఇంగ్లీషుని తెలుగులో చెప్తున్నాను, మర్యాద ఎక్కువైతే అది నా పెంపకం.

"వార్డుకి సగటున ఏడు వేల ఏడు వందల మంది ఉండాలండి. పాతిక శాతం అటూ ఇటూ అయినా పర్వాలేదు. అంటే కనీసం ఐదు వేల ఏడు వందల డెబ్భై ఐదు. మీ వార్డులో ఐదు వేల ఆరు వందల తొంభై."

"ఎనభై ఐదు మంది తక్కువ" అన్నాను.

"లెక్కల్లో గట్టివారే."

"ఎనభై ఐదు మంది కోసం వార్డు తీసేస్తారా?"

"ఊరంతటికీ ఒకే కొలత ఉండాలి కదా."

"ఈ జనాభా ఎక్కడిది?"

"2021 సెన్సస్. దానిమీద పెరుగుదల వేశాం."

ఆయన టాబ్లెట్‌లో మా బ్లాకు నొక్కి చూపించాడు. ఇంటికి సగటున మూడున్నర మంది. నాకు నవ్వొచ్చింది. టాన్నరీ రోడ్డులో ఇంటికి మూడున్నర మందే ఉంటే, పొద్దున్న ఏడింటికి ఆ బస్సులో ఎవరెక్కుతున్నారు? మా ఇంట్లో పైన ముగ్గురం. కింద బేస్‌మెంట్‌లో ముగ్గురమ్మాయిలు, కాలేజీలో చదువుతూ వేర్‌హౌసులో షిఫ్టులు చేసుకునేవాళ్ళు.

"గ్రెగ్ గారూ, మీకు ఎనభై ఐదు మంది కావాలి, అంతే కదా?"

"నాకు కాదు, మీకు కావాలి" అన్నాడు నవ్వి. "సెప్టెంబర్ ఇరవై మూడున కౌన్సిల్ ముందు మీరూ మాట్లాడొచ్చు. కాకపోతే ఆధారం ఉండాలి. ఊరికే 'ఉన్నారు' అంటే సెన్సస్‌ని కాదనలేం."

"తెస్తాను" అన్నాను. ఎక్కణ్ణుంచి తెస్తానో నాకప్పటికి తెలీదు.

*

ఇంటికొచ్చి వంటగదిలో ఈ సంగతి చెప్తుంటే, కింద అద్దెకుండే సాత్విక పెరుగు కోసం పైకొచ్చింది. జగిత్యాల పిల్ల. ఏ మాటైనా మెట్ల మీద నుంచే మొదలుపెడుతుంది.

"ఏందక్కా, మనల్ని లెక్కపెట్టనే లేదా వాళ్ళు?"

"నువ్వప్పుడు లేవు. నీ ముందున్నవాళ్ళ సంగతి."

"ఎవరైతేంది? ఆ గదిల ముగ్గురైతే ఉన్నరు కదా. ఆంటీ, మీరు లెక్కపెట్టలేదా?"

"నేనెందుకు పెడతానే. ఆ ఫారాలన్నీ మీ అంకులే నింపారు. మన ఒక్క ఇల్లే కాదు, వీధిలో మనవాళ్ళందరివీనూ."

నా చేతిలో చెంచా ఆగింది.

మా చర్చి సంఘంలో నాన్నకి పేరే అది, ఫారాల నోవహు గారు. శాశ్వత నివాసపు పీఆర్ కార్డు రెన్యువలైనా, స్కూలు అడ్మిషనైనా, అందరూ ఆయన దగ్గరికే వస్తారు. తాడేపల్లిగూడెం మండలాఫీసులో పదకొండేళ్ళు గుమాస్తాగా చేశాడు. ఇక్కడ హైస్కూల్లో కస్టోడియన్. నేల తుడుస్తాడు, హీటర్లు చూస్తాడు, తాళాలు వేస్తాడు. కానీ శని, ఆదివారాల్లో ఆయన మళ్ళీ గుమాస్తా. 2021 మే నెలలో, వైరస్ రోజుల్లో, మా డ్రైవ్‌వేలో బల్ల వేసుకుని, మాస్కు పెట్టుకుని, వచ్చినవాళ్ళని ఆరడుగుల దూరంలో నిలబెట్టి నలభై మూడిళ్ళ సెన్సస్ ఫారాలు నింపాడట. అప్పుడు నేను ఒట్టావాలో ఉన్నాను.

నాన్న డ్యూటీ నుంచి వచ్చాక అడిగాను. ఆయన గర్వంగా ఫైలు తీశాడు. నలభై మూడు పేర్లు, కన్ఫర్మేషన్ నంబర్లు, ఎదురుగా ఎంతమందో. మొత్తం నూట యాభై ఎనిమిది.

"మనింట్లో మూడు రాశారేంటి నాన్నా? కింద వాళ్ళు?"

"కింద వాళ్ళకి వేరే పొయ్యి ఉంది కదమ్మా."

"అయితే?"

"ఒక పొయ్యికి ఒక కార్డు. వేరే పొయ్యి ఉంటే వేరే కుటుంబం. వాళ్ళని మన కార్డులో ఎలా ఎక్కిస్తాం? పదకొండేళ్ళు ఆ పనే చేశాను."

"నాన్నా, అది రేషన్ కార్డు కాదు."

"ఏ కార్డైనా కుటుంబమే కదా అడిగేది."

"ఇంట్లో ఎవరెవరు ఉంటున్నారని అడిగారు. సరే, వేరే కుటుంబమే అనుకుందాం. మరి వాళ్ళ ఫారం ఎవరు నింపారు?"

"వాళ్ళకి వచ్చింది వాళ్ళే నింపుకుంటారు."

"వాళ్ళకి రాలేదు. మన బేస్‌మెంట్‌కి వేరే అడ్రసే లేదు."

నాన్న ఫైలు మూశాడు. సింకు దగ్గరికి వెళ్ళి తన లంచ్ బాక్సు కడిగాడు. మూత కడిగాడు. మళ్ళీ బాక్సు కడిగాడు.

"నలభై మూడిళ్ళకీ ఇలాగే రాశారా?" అంది అమ్మ మెల్లగా.

"రూలు ఒకటే కదా దయా. ఇంటికో రూలు ఉంటుందా?"

ఎనభై ఐదు మంది ఎటు పోయారో అప్పుడు తెలిసింది. ఎటూ పోలేదు. మా నాన్న పద్ధతిగా, ఎక్కడా కొట్టివేతలు లేకుండా వాళ్ళని వదిలేశాడు.

"కౌన్సిల్లో చెప్దాం నాన్నా. పొరపాటు జరిగిందని."

"ఎవరి పొరపాటు? నాదా?" తిరిగి చూశాడు. "నోవహు గారు మా ఫారాలు తప్పు నింపాడని వీధి వీధంతా అనుకోవాలా? నువ్వే వెళ్ళి చెప్తావా?"

"మరి అమ్మ ఆ రోడ్డు మీద ట్రక్కుల పక్కనే నడవాలా?"

"నన్ను ఇందులోకి లాగకు స్టెఫీ. నా పేరు ఎక్కడా రాకూడదు."

మా ఇంట్లో అరుపులు తక్కువ. ఆ రోజు నుంచి మాటలూ తగ్గాయి.

*

నాన్న ఫైల్లో ఉన్నది పాత లెక్క. ఇప్పుడు ఎవరింట్లో ఎంతమందో నాకు తెలియాలి. ఇళ్ళకి వెళ్ళి అడిగితే ఎవరూ చెప్పరని రెండిళ్ళలోనే తేలిపోయింది. "అబ్బే, మేం నలుగురమేనమ్మా" అంటూ ఒక ఆంటీ తలుపు సగం మూసి మాట్లాడుతుంటే, ఆవిడ వెనక మెట్ల మీంచి ఐదుగురు కుర్రాళ్ళు వేర్‌హౌస్ జాకెట్లలో దిగుతున్నారు. అందరి భయం ఒకటే. చాలా బేస్‌మెంట్లకి అద్దెకిచ్చే పర్మిట్ లేదు.

అందుకే జూలై రెండో శనివారం గృహ కూడికలో అడుగుదామనుకున్నాను. మా సంఘంలో నెలకోసారి ఒకరింట్లో ప్రార్థన. ఆసారి షాలేమ్ అంకుల్ ఇల్లు. అంకుల్ సంఘానికి సెక్రటరీ, వృత్తికి రియల్ ఎస్టేట్ ఏజెంటు, టాన్నరీ రోడ్డులో నాలుగిళ్ళకి ఓనరు. ఆయన లివింగ్ రూములో మధ్యాహ్నం మూడింటికి అరవై మంది, చెప్పులు గరాజ్‌లో, బిర్యానీ డెక్ మీద.

పాటలయ్యాక లేచి నిలబడి చెప్పాను. ఇంటి నంబర్లు ఇవ్వం, పేర్లు ఇవ్వం, వీధి మొత్తానికి ఒకే అంకె ఇస్తాం, ఎవరింటికీ ఎవరూ రారు, మీ ఇంట్లో ఎంతమందో నాకు చెవిలో చెప్తే చాలు.

షాలేమ్ అంకుల్ గొంతు సవరించుకున్నాడు. "చూడమ్మా స్టెఫీ. జనాన్ని లెక్కపెట్టడం దేవుడికి ఇష్టం ఉండదు. బైబిల్ వాక్యంలోనే ఉంది."

"మరి ఆరాధనయ్యాక ప్రేమవిందు భోజనాలకి ప్లేట్లు లెక్కపెట్టేది మీరే కదా అంకుల్."

వెనక ఎవరో ఫక్కున నవ్వి దగ్గుగా మార్చుకున్నారు.

"చదువుకున్న పిల్లవి, నీకు తెలీనిదేముంది. ఇవాళ అంకె అడుగుతారు, రేపు ఇన్‌స్పెక్టర్ని పంపుతారు. ఈ పిల్లల్ని రోడ్డు మీద పడేద్దామనా? నోవహు గారూ, మీరు చెప్పండి. ఫారాల సంగతి మీకన్నా ఎవరికి తెలుసు?"

అందరూ నాన్న వైపు తిరిగారు. ఆయన కార్పెట్ వైపు చూస్తున్నాడు.

"మా అమ్మాయి కొంచెం తొందరపడుతోందండి" అన్నాడు. "లెక్క లెక్కే. దాన్ని కదపకపోవడమే మంచిది."

నా మొహం మండిపోయింది. కూర్చున్నాను. సాత్విక నా మోచేయి గిల్లి, "నేను చెప్పనా అక్కా? నా నోరు మంచిది కాదు, పనికొస్తది" అంది. వద్దన్నాను.

"సరే, ప్రార్థన చేసుకుందాం" అన్నాడు అంకుల్ తేలికపడి. "దయావతి సిస్టర్, మీరు నడిపించండి."

అమ్మ లేచింది. కొంగు తల మీదికి లాక్కుంది. అందరం కళ్ళు మూసుకున్నాం.

"పరలోకమందున్న మా తండ్రీ, నీకు వందనాలు. ఈ వీధిలో నువ్వు కాపాడుతున్న ప్రతి ఇంటి కోసం వందనాలు."

"స్తోత్రం" అన్నారందరూ.

"ప్రభువా, మొదటి ఇల్లు సుధామయి గారిది. పైన నలుగురు, కింద ఉంటున్న నలుగురు బిడ్డలు. ఆ ఎనిమిది మందినీ నువ్వెరుగుదువు."

"స్తోత్రం."

"రెండో ఇల్లు. పైన ఐదుగురు, తండ్రీ. కింద వంటగది పక్క గదిలో ముగ్గురు. వాళ్ళకి కిటికీ లేదు ప్రభువా, అయినా నువ్వు చూస్తున్నావు."

నేను కళ్ళు తెరిచాను. పక్కన సాత్విక కూడా తెరిచింది. అమ్మ కళ్ళు గట్టిగా మూసుకునే ఉంది. ఆదివారం ప్రేమవిందుకి ఏ ఇంటి నుంచి ఎంతమంది వస్తారో, ఏ ఇంటికి ఎంత కట్టి పంపాలో ఎనిమిదేళ్ళుగా చూస్తున్నది ఆవిడే. ఆవిడకి జాబితా అక్కర్లేదు.

ఫోన్ తీసి టైపు చేయడం మొదలుపెట్టాను.

"మూడో ఇల్లు, ప్రభువా, షాలేమ్ అన్నయ్య గారిది. పైన నలుగురు. కింద ముందు గదిలో ఇద్దరు, వెనక గదిలో ముగ్గురు, ఫర్నేస్ పక్కన పరుపేసుకున్న ఆ నెల్లూరు అబ్బాయి ఒకడు..."

షాలేమ్ అంకుల్ ఒక కన్ను తెరిచాడు. కానీ ప్రార్థన మధ్యలో ఎవరు ఆపగలరు? ఆయన పెదవులు కదిలాయి. అలవాటుగా "స్తోత్రం" అని మాత్రమే బయటికొచ్చింది.

ముప్పై ఐదు నిమిషాలు. నలభై మూడిళ్ళు. బయట డెక్ మీద బిర్యానీ చల్లారుతోంది. ఒక్కరూ కదల్లేదు. పదిహేనో ఇంటి దగ్గరికొచ్చేసరికి తమ ఇంటి వంతు వచ్చినప్పుడు ఆడవాళ్ళు తామే మెల్లగా సరిచేయడం మొదలుపెట్టారు. "ముగ్గురు కాదు ప్రభువా, నలుగురు. జూన్‌లో ఇంకొకమ్మాయి వచ్చింది." చివర మా ఇల్లు. "పైన ముగ్గురం తండ్రీ, కింద ముగ్గురు. ఒకే కప్పు కింద ఆరుగురం. నువ్వు మరిచిపోని వాళ్ళని మేము మరిచిపోతే క్షమించు. ఆమేన్."

"ఆమేన్" అంది గదంతా.

రెండు వందల తొంభై ఏడు.

"ఇది ప్రార్థనా, పంచాయతీనా సిస్టర్?" అన్నాడు షాలేమ్ అంకుల్, మొహం ఎర్రబడి.

"మీరూ ఆమేన్ అన్నారు కదా అన్నయ్య గారూ" అంది అమ్మ. "రండి, బిర్యానీ చల్లారిపోతోంది."

నాన్న గరాజ్‌లో చెప్పులేసుకుని ఒక్కడే నడుచుకుంటూ ఇంటికెళ్ళిపోయాడు.

*

ఆగస్టంతా నేనూ సాత్వికా తిరిగాం. ఒక్క తెలుగువాళ్ళ అంకెతో వెళ్తే ఇది మీ గుంపు గొడవ అంటారని, మిగతా ఇళ్ళ తలుపులూ కొట్టాం. ఫిలిప్పీన్స్ ఆంటీలు మమ్మల్ని కూర్చోబెట్టి తినిపించి మరీ చెప్పారు. పంజాబీ ట్రక్కు డ్రైవర్ ఒకాయన తన బేస్‌మెంట్‌లో ఎంతమందో తనకే తెలీదని, మమ్మల్నే లెక్కపెట్టుకోమన్నాడు. ఇంకో డెబ్భై ఒక్క మంది తేలారు. మొత్తం రెండు వందల పది మంది సెన్సస్‌లో లేనివాళ్ళు. ఎనభై ఐదుకి రెండింతలు దాటి.

నాన్నతో నేను ఆ నెలంతా మాట్లాడింది పది వాక్యాలు ఉంటాయేమో. అందులో నాలుగు చెత్త డబ్బా గురించి. సంఘంలో ఎవరూ ఆయన్ని ఏమీ అనలేదు. అప్పటికి ఎవరికీ తెలీదు కదా. ఆ తెలియకపోవడమే ఆయన్ని తింటున్నట్టుండేది. ఒక రోజు ఎవరో స్కూలు ఫారం తెస్తే, కళ్ళజోడు పెట్టుకుని పదిహేను నిమిషాలు చూసి, "రేపు రండి" అని పంపేశాడు. అలా ఆయన ఎప్పుడూ అనలేదు.

కౌన్సిల్ రోజు పొద్దున్న అమ్మ నాకు దోసె వేస్తూ ఒకటే మాట అంది. "అంకెలు చెప్పు. గట్టిగా చెప్పు. మీ నాన్న పేరు మాత్రం నీ నోటి నుంచి రాకూడదు."

"వాళ్ళు అడిగితే?"

"అడిగితే అడగనీ. నీ తండ్రి."

*

సాయంత్రం ఆరున్నరకి టౌన్ హాల్లో మీటింగు. పైన అర్ధచంద్రాకారంలో తొమ్మిది కుర్చీలు, కింద మా వార్డు జనం. అమ్మ, సాత్విక, ఫిలిప్పీన్స్ ఆంటీలు, కూడికలో కళ్ళు మూసుకున్నవాళ్ళలో సగంమంది. షాలేమ్ అంకుల్ కూడా వచ్చాడు, ఏం జరుగుతుందో చూడ్డానికి. నాన్న రాలేదు. డ్యూటీ ఉందన్నాడు.

నాకు ఐదు నిమిషాలిచ్చారు. మ్యాపు చూపించాను, అంకెలు చెప్పాను. "మీరు మమ్మల్ని తీసేయడానికి ఎనభై ఐదు మంది తక్కువయ్యారన్నారు. రెండు వందల పది మందిని తెచ్చాను. మిగిలినవాళ్ళని మీరు ఉంచుకోవచ్చు" అన్నాను. వెనక సాత్విక చప్పట్లు కొట్టింది. మేయరు ఆ పిల్లని ఊరుకోమన్నాడు.

గుర్రాల వార్డు కౌన్సిలరు మైకు దగ్గరికి వంగాడు. నెమ్మదస్తుడు, తెల్ల గడ్డం. "బాగుందమ్మా. కానీ ఒక వైపు దేశం మొత్తం చేసిన సెన్సస్, ఒక వైపు మీరు తలుపులు కొట్టి చేసిన లెక్క. ఒకే రోడ్డులో సెన్సస్ అంత పెద్ద తప్పు ఎలా చేస్తుంది? కారణం చెప్పగలరా?"

చెప్పగలను. నాలుక చివరే ఉంది. అమ్మ వైపు చూశాను. ఆవిడ నన్ను చూడ్డం లేదు, తలుపు వైపు చూస్తోంది.

"కారణం ఉందండి" అన్నాను. "అది చెప్పాల్సింది నేను కాదు."

"అయితే మేం దేన్ని నమ్మాలి?"

"ఎక్స్‌క్యూజ్ మీ."

తలుపు దగ్గర నాన్న. కస్టోడియన్ యూనిఫామ్, నడుముకి తాళాల గుత్తి. మెట్లు దిగి క్లర్కు బల్ల దగ్గరికి వచ్చాడు. క్లర్కమ్మ మెల్లగా చెప్పింది, మాట్లాడేవాళ్ళు ముందే రిజిస్టర్ చేసుకోవాలి సార్, నిన్న మధ్యాహ్నంతో గడువు అయిపోయింది అని.

"ఫారం ఉందా?" అన్నాడు నాన్న.

ఆవిడ మేయరు వైపు చూసింది. మేయరు భుజాలెగరేశాడు. ఫారం ఇచ్చింది. నాన్న జేబులోంచి నీలం పెన్ను తీసి, అక్కడే నిలబడి నింపడం మొదలుపెట్టాడు. పెద్దక్షరాల్లో. పేరు, అడ్రసు, ఏ అంశం. హాలంతా చూస్తూ కూర్చుంది. సంతకం పెట్టి, తారీఖు వేసి, ఒకసారి మొత్తం చదువుకుని ఇచ్చాడు. గడువు దాటినా అనుమతించాలా అని మేయరు అడిగితే ఏడు చేతులు లేచాయి.

మైకు ఆయనకి కొంచెం ఎత్తు. సర్దుకోలేదు.

"నా పేరు నోవహు. టాన్నరీ రోడ్డు. 2021లో ఆ రోడ్డులో నలభై మూడిళ్ళ సెన్సస్ ఫారాలు నేను నింపాను. మా దేశంలో ఇలాంటి పని చేశాను కాబట్టి నాకు వచ్చు అనుకున్నాను. కింద ఉన్నవాళ్ళని రాయలేదు. నలభై మూడింటిలోనూ రాయలేదు. వాళ్ళు చెప్పకపోవడం కాదు. నేను వద్దన్నాను." ఊపిరి తీసుకున్నాడు. "నా ఇంట్లో ఆరుగురు ఉంటారు. మూడని రాశాను. ఆ తప్పు సెన్సస్‌ది కాదు, మా అమ్మాయిది కాదు. నాది."

ఆయన ఇంగ్లీషులో ఎక్కడా తడబడలేదు. స్కూల్లో ఫైర్ అలారం గురించి పిల్లలకి చెప్పేటప్పుడు కూడా అలాగే మాట్లాడతాడు, ఒక్కో మాటా నేల మీద పెట్టినట్టు.

"ఫైలు తెచ్చాను. ఏ ఇంటికి ఎంత రాశానో ఉంది. ఇంటివాళ్ళు ఒప్పుకుంటే చూపిస్తాను."

తెల్ల గడ్డం ఆయన కళ్ళజోడు తీసి, "థాంక్యూ సర్" అన్నాడు.

మాకు ఐదు ఓట్లు, వాళ్ళకి నాలుగు. మ్యాపు వెనక్కి పంపారు. షరతు ఒక్కటి. రెండు వారాల్లో ఒక్కో ఇంటి నుంచి సంతకం చేసిన కాగితం రావాలి, ఇక్కడ ఇంతమంది ఉంటున్నామని. వస్తే ఐదో వార్డు ఉంటుంది.

తర్వాత ఏమైందో ఇప్పుడే చెప్పేస్తాను. ఐదో వార్డు ఉంది. నవంబర్లో గీత రైలు పట్టాల మీదికి జరిగింది. మా బేస్‌మెంట్‌కి ఇన్‌స్పెక్టర్ కూడా వచ్చాడు, కిటికీ పెద్దది చేయమన్నాడు, చేశాం. అంతకుముందు సంఘం కమిటీలో ఉండే నాన్న ఇప్పుడు అందులో లేడు. నాకు ఉద్యోగం ఇంకా రాలేదు. కానీ ఆ ఎండాకాలం అనగానే నాకు వీటిలో ఏదీ గుర్తురాదు. టౌన్ హాలు పార్కింగ్ లాటే గుర్తొస్తుంది.

మీటింగ్ అయి బయటికొచ్చేసరికి షాలేమ్ అంకుల్ తన కారుకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. చుట్టూ మనవాళ్ళు ఇరవై మంది దాకా, ఎవరూ ఎవరి మొహమూ చూడకుండా.

"అంతమంది తెల్లవాళ్ళ ముందు పరువు తీశారు కదా నోవహు గారూ" అన్నాడు. "మీదీ, మాదీ. ఇకమీదట మీ దగ్గరికి ఫారం పట్టుకుని ఎవడొస్తాడండీ?"

సాత్విక నోరు తెరిచింది. అమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఆపింది.

నాన్న తాళాల గుత్తిని నడుము మీద సర్దుకున్నాడు. కూడికలో కార్పెట్ వైపు చూసినట్టే ఇప్పుడూ నేల చూస్తాడేమో అనుకున్నాను. చూడలేదు.

"రాకపోతే నేనే వస్తానండి" అన్నాడు. "ప్రతి ఇంటికీ వస్తాను. నలభై మూడిళ్ళకీ. తప్పు రాసింది నేను కాబట్టి దిద్దాల్సిందీ నేనే. రేపు సెలవు పెడతాను. మీ ఇంటితోనే మొదలు."

"నేను తలుపు తియ్యకపోతే?"

"మెట్ల మీద కూర్చుంటానండి. నాకేం తొందర, రెండు వారాలు ఇచ్చారు." నాన్న మా కారు తలుపు తెరిచి, ఎక్కబోతూ ఆగాడు. "పదింటికల్లా వస్తాను. కింద వాళ్ళని కూడా ఉండమని చెప్పండి. ఆ నెల్లూరు అబ్బాయి పూర్తి పేరు నాకు తెలీదు, అతన్నే అడిగి రాసుకుంటాను."